యుద్ధానికి అద్దె విమానం

దూరదేశంలో యుద్ధానికి వెళ్లే అమెరికా సైనికుడు చాలాసార్లు ఎక్కేది వైమానిక దళం విమానం కాదు, ఓ ప్రైవేటు ఎయిర్‌లైన్స్ నుంచి అద్దెకు తీసుకున్న బోయింగ్. సైన్యానికి సొంత విమానాలు లేక కాదు. సీ-17 లాంటివి ట్యాంకులు, లారీలు మోయడానికి కట్టినవి. వాటి పక్కగోడల వెంట ఉండే సీట్లు 54 మాత్రమే. ఆ విమానాల్ని సామగ్రికి వదిలేసి మనుషుల్ని ప్రయాణికుల విమానాల్లో పంపితే, ఒక్కో ట్రిప్పులో వందల మంది వెళ్లిపోతారు.

ఇందుకోసం 1950ల మొదట్లో అమెరికా 'సివిల్ రిజర్వ్ ఎయిర్ ఫ్లీట్' ఏర్పాటు చేసింది. అవసరం పడితే విమానాల్నీ సిబ్బందినీ ఇస్తామని ఎయిర్‌లైన్స్ ముందే మాట ఇస్తాయి. మామూలు రోజుల్లో రక్షణ శాఖ చార్టర్లు వాటికే దక్కుతాయి. ఆ మాటను అధికారికంగా వాడుకున్నది మూడుసార్లే: 1990లో గల్ఫ్ సంక్షోభానికి, 2003లో ఇరాక్ యుద్ధానికి, 2021లో అఫ్గానిస్థాన్ తరలింపుకు. గల్ఫ్‌కు విమానాల్లో వెళ్లిన సైనికుల్లో సగానికి పైగా ఎక్కింది పౌర విమానాలే.

లోపల ఎయిర్ హోస్టెస్‌లు భోజనం పెడుతుంటారు. యూనిఫాంలో ఉన్న ప్రయాణికుల కాళ్ల దగ్గర తూటాలు లేని రైఫిళ్లు ఉంటాయి. ఈ ప్రయాణం సాధారణంగా యుద్ధరంగం అంచు దాకానే. కువైట్‌లోనో, 2014 వరకైతే కిర్గిజ్‌స్థాన్‌లోని మనాస్‌లోనో దిగి సైనిక విమానం ఎక్కేవారు. క్షిపణుల్ని ఏమార్చే పరికరాలు మామూలు జెట్‌కు ఉండవు మరి. 2003 నవంబరులో బాగ్దాద్ నుంచి లేచిన డీహెచ్ఎల్ సరుకు విమానం రెక్కకు క్షిపణి తగిలింది. హైడ్రాలిక్స్ పూర్తిగా పోయినా, సిబ్బంది ముగ్గురూ ఇంజిన్ల జోరు పెంచుతూ తగ్గిస్తూనే దాన్ని దింపారు.

కానీ పెద్ద ప్రాణనష్టం యుద్ధానికి దూరంగా జరిగింది. 1985 డిసెంబరు 12న కెనడాలోని గాండర్‌లో ఇంధనం నింపుకుని లేచిన ఆరో ఎయిర్ డీసీ-8 వెంటనే కూలి, 256 మందీ చనిపోయారు. వాళ్లలో 248 మంది సినాయ్‌లో శాంతి పరిరక్షణ విధులు ముగించుకుని క్రిస్మస్‌కు ఇళ్లకు వెళ్తున్న సైనికులు. దర్యాప్తు బోర్డులో ఐదుగురు రెక్కల మీది మంచే కారణమై ఉండొచ్చన్నారు. నలుగురు ఒప్పుకోక, గాలిలోనే మంటలు రేగాయన్నారు. నన్ను కలచివేసేది బరువు లెక్క. తలకింత అని సగటు వేసుకుని టేకాఫ్ లెక్కలు కట్టారు. కిట్లతో, ఆయుధాలతో ఎక్కిన సైనికుడి బరువు అంతకంటే చాలా ఎక్కువ. ఆ ప్రమాదం తర్వాత, సైనికుల్ని మోసే కంపెనీలను రక్షణ శాఖ స్వయంగా తనిఖీ చేయడం చట్టంతో తప్పనిసరైంది.

అంతకు ముందు, 1962 మార్చిలో, గువామ్ నుంచి ఫిలిప్పీన్స్ మీదుగా వియత్నాం వెళ్లాల్సిన ఫ్లయింగ్ టైగర్ లైన్ విమానం పసిఫిక్‌పై 107 మందితో మాయమైంది. శకలం కూడా దొరకలేదు. అందులో అమెరికా సైనికులు 93 మంది. యుద్ధక్షేత్రం బయట పోయారని వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారక గోడపై వాళ్ల పేర్లు చెక్కలేదు. ఆ పేర్ల కోసం కుటుంబాలు ఏళ్ల తరబడి అడిగాయి. విమానం ఎవరిదైనా, వాళ్లను ఆ యుద్ధానికి పంపింది సైన్యమే. ఆ పేర్లు ఆ గోడ మీద ఉండాలి.