కావ్యసంపదకుఁ గారణమేది?

కావ్యమునకు శ్రేష్ఠత సహజప్రతిభచేతఁ గలుగునా, కృషిచేతఁ గలుగునా యను ప్రశ్నకు మన యాలంకారికు లొకే సమాధానము చెప్పలేదు. ఈ భేదము ఛాత్రులకుఁ బద్యరచన నేర్పు పండితు లుపేక్షింపఁదగినది కాదు.

దండి కావ్యాదర్శమున సహజప్రతిభ, నిర్మలమైన విస్తారశ్రుతము, మందము గాని యభియోగము నను మూఁటిని గావ్యసంపదకుఁ గారణముగాఁ జెప్పెను. వెంటనే, ప్రతిభ లేకున్నను శ్రుతయత్నములచే నుపాసింపఁబడిన వాక్కు కొంత యనుగ్రహము చూపునని సడలించెను.

మమ్మటుఁడు కావ్యప్రకాశమున శక్తి, నిపుణత, అభ్యాసము నను మూఁటిని జెప్పి, హేతుశబ్దము నేకవచనమున నిలిపెను. అది బుద్ధిపూర్వకమని వృత్తిలోఁ దానే తెలిపెను. దండచక్రన్యాయమున మూఁడును గూడినఁగాని కావ్యము పుట్టదని భావము. దండియుఁ గారణశబ్దము నేకవచనముననే ప్రయోగించినను, పై సడలింపు మమ్మటుఁ డీయలేదు.

17వ శతాబ్దమునందలి యాంధ్రుఁడగు జగన్నాథపండితరాయలు రసగంగాధరమునఁ గేవలప్రతిభయే కారణ మనెను. ఇది విన్నంతనే కృషి వ్యర్థమని తోఁచును. కాని ప్రతిభకుఁ గారణ మొకచో నదృష్టము, ఒకచో వ్యుత్పత్త్యభ్యాసములని యాతఁడే వివరించెను. చిరకాలము కవిత చెప్పలేనివారు పిదప వ్యుత్పత్త్యభ్యాసములచేఁ జెప్పఁగలుగుట కానఁబడుచున్నది. అచ్చటను నదృష్టమే కారణమైనచో వారికిఁ బూర్వమే ప్రతిభ యేల కలుగలేదని యాతని యుక్తి.

కావున వివాదము అభ్యాసము వలయునా, వలదా యనునది కాదు. దాని స్థాన మెద్ది యనునదియే. దండికది ప్రతిభ లేనివాని కాలంబనము. మమ్మటునకు హేతువునం దంశము. పండితరాయలకుఁ గొందఱియందుఁ బ్రతిభకే జనకము. నేఁడు పద్యము నడపలేని బాలుని బ్రతిభాహీనుఁడని త్రోసివేయుటకు మువ్వురిలో నెవ్వరి మతమును సాధనము గాదు.