శీతకాలంలో పెద్ద చేపల తొట్టి: ఉష్ణనష్టం, హీటరు అమరిక

జహీరాబాద్, కోహిర్, న్యాల్‌కల్ మండలాలు దక్కను పీఠభూమిపై ఎత్తైన భాగంలో ఉన్నాయి. డిసెంబరు, జనవరి మాసాలలో మబ్బులేని రాత్రులందు నేల తన వేడిని వేగంగా కోల్పోవడం వలన ఇక్కడ కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పడిపోవడం కద్దు. అటువంటి రోజులలో ఇంటి గదులు కూడా తెల్లవారుజామున 16 డిగ్రీల వరకు చల్లబడవచ్చు. ఏంజెల్, గౌరామి, టెట్రా వంటి ఉష్ణమండలపు అలంకార చేపలకు 24 నుంచి 28 డిగ్రీల నీరు అవసరం. చేప శరీర ఉష్ణోగ్రత నీటి ఉష్ణోగ్రతను అనుసరించి మారుతుంది. నీరు చల్లబడితే చేప మేత మానుతుంది, రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది, తెల్లమచ్చల వ్యాధి సోకుతుంది. చలి మొదలైన తొలి వారంలోనే చేపలు చనిపోవడంతో పలువురు మరింత పెద్ద హీటరు కొంటారు. అయితే అంతకు ముందు తొట్టి నుంచి వేడి ఏ మార్గంలో పోతున్నదో గుర్తించాలి.

వేడి పోయే మార్గాలు

120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 60 సెం.మీ. ఎత్తు గల తొట్టిని ఉదాహరణగా తీసుకుందాం. 55 సెం.మీ. లోతున నీరు నింపితే సుమారు 300 లీటర్లు పడుతుంది. నీరు 26 డిగ్రీలు, గది 16 డిగ్రీలు ఉన్నప్పుడు నాలుగు పక్కల అద్దాల ద్వారా సుమారు 100 వాట్ల వేడి బయటకు పోతుంది. మూత లేని నీటి ఉపరితలం నుంచి కూడా దాదాపు అంతే పోతుంది. అద్దాల వైశాల్యం 1.8 చదరపు మీటర్లు కాగా, నీటి ఉపరితలం 0.54 చదరపు మీటర్లు మాత్రమే. అంటే వైశాల్యంలో మూడో వంతు కూడా లేని ఉపరితలం అద్దాలన్నిటితో సమానంగా వేడిని పోగొడుతున్నది.

దీనికి ప్రధాన కారణం నీరు ఆవిరి కావడం. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,440 కిలోజౌళ్ల వేడి, అనగా 0.68 యూనిట్ల విద్యుత్తుతో సమానమైన శక్తి ఖర్చవుతుంది. ఈ నష్టాన్ని ఇంటిలోనే కొలవవచ్చు. అద్దంపై నీటిమట్టం వద్ద గుర్తు పెట్టి, మూడు రోజుల తరువాత చూడాలి. పై తొట్టిలో మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే 5.4 లీటర్లు ఆవిరైనట్లు లెక్క. ఆ నీటితోపాటు రోజుకు సుమారు 1.2 యూనిట్ల వేడి కూడా పోయిందన్నమాట.

యాసంగి వరి నారుమడిలో అనుసరించే పద్ధతి మన రైతులకు తెలిసినదే. రాత్రి చలి ఎక్కువైనప్పుడు సాయంత్రం నారుమడిపై పాలిథిన్ పట్టా కప్పి, ఉదయం తీసివేస్తాము. తొట్టికి వర్తించేదీ ఆ సూత్రమే.

మూత, థర్మోకోల్

అద్దపు మూత వేస్తే ఆవిరి దాని అడుగున నీటిబొట్లుగా మారి తిరిగి తొట్టిలో పడుతుంది. అప్పుడు ఉపరితల నష్టం సుమారు 30 వాట్లకు తగ్గుతుంది. ప్రాణవాయువు అందడానికి ఒక మూల చిన్న సందు వదలాలి. గౌరామి వంటి చేపలు నీటిపైకి వచ్చి గాలి పీల్చుకుంటాయి కావున మూతకు, నీటికి నడుమ కొంత ఖాళీ ఉండాలి.

అద్దం ఎంత మందంగా ఉన్నా వేడిని పెద్దగా ఆపలేదు. వెనుక వైపు, రెండు పక్కల 25 మి.మీ. మందం గల థర్మోకోల్ పలకలు అతికిస్తే ఆ భాగాలలో నష్టం సుమారు అయిదో వంతుకు దిగుతుంది. తాండూరు బండలు పరచిన గచ్చు చలికాలంలో మిక్కిలి చల్లగా ఉంటుంది కనుక తొట్టి అడుగున కూడా థర్మోకోల్ పరచాలి. ఈ రెండు ఏర్పాట్లతో మొత్తం నష్టం 200 వాట్ల నుంచి 85 వాట్ల ప్రాంతానికి తగ్గుతుంది. రాత్రి 8 గంటలు కరెంటు లేకపోయినా, మూత లేని తొట్టి మూడున్నర డిగ్రీలకు పైగా చల్లబడే చోట ఈ తొట్టి రెండు డిగ్రీల లోపే చల్లబడుతుంది.

హీటరును ఎక్కడ అమర్చాలి?

నీటిలో వేడి తనంతట తాను ప్రసరించడం చాలా నెమ్మది. వేడెక్కిన నీరు తేలికై పైకి చేరుతుంది. హీటరును ఉపరితలానికి దగ్గరగా బిగిస్తే పై పొర మాత్రమే వేడెక్కుతుంది. హీటరులోని థర్మోస్టాట్ తన చుట్టూ ఉన్న నీటినే కొలుస్తుంది కావున త్వరగా ఆగిపోతుంది. అడుగు నీరు చల్లగానే మిగులుతుంది. కాబట్టి హీటరును తొట్టి కింది భాగంలో, అడ్డంగా గాని ఏటవాలుగా గాని, ఫిల్టరు నుంచి వచ్చే నీటి ప్రవాహం తగిలేటట్లు అమర్చాలి. అది ఇసుకలో కూరుకుపోరాదు. థర్మామీటరును హీటరుకు దూరంగా, ఎదుటి కొసన అడుగుభాగంలో ఉంచాలి. రెండు కొసల మధ్య తేడా ఒక డిగ్రీకి మించితే ప్రవాహ దిశను మార్చాలి. హీటరు వేడిని పెంచినంత మాత్రాన ఆ తేడా పోదు.

హీటరు సామర్థ్యం

300 వాట్ల హీటరు ఒకటి పెట్టడం కంటే 100 వాట్లవి రెండు చెరో కొసన పెట్టడం మేలు. థర్మోస్టాట్ చెడితే కొన్నిసార్లు హీటరు ఆగకుండా పనిచేస్తుంది. మూత, థర్మోకోల్ ఉన్న తొట్టిలో 300 వాట్ల హీటరు అలా నిలిచిపోతే నీరు 40 డిగ్రీలను దాటి చేపలన్నీ చనిపోతాయి. 16 డిగ్రీల గదిలో 100 వాట్ల హీటరు ఒక్కటే అదే విధంగా పనిచేసినా నీరు 28 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఒకటి పూర్తిగా పనిచేయకపోయినా రెండవది ఆదుకుంటుంది. వేడి నష్టాన్ని తగ్గించిన తరువాత పాత పెద్ద హీటరును అలాగే కొనసాగించడం ప్రమాదకరమని గ్రహించాలి.

జాగ్రత్తలు

నీరు మార్చే ముందు హీటరు స్విచ్ ఆపి, అది చల్లారే వరకు 15 నిమిషాలు ఆగాలి. నీటి నుంచి బయటపడిన వేడి హీటరు గొట్టం పగిలిపోతుంది. తీగ వెంట జారే నీరు ప్లగ్గులోకి చేరకుండా, తీగను ప్లగ్గు కంటే కిందికి వేలాడనిచ్చి మరల పైకి తీసుకోవాలి. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే కరెంటును నిలిపివేసే రక్షణ పరికరం ఆ లైనుకు తప్పనిసరి. చల్లబడిన తొట్టిలో మరిగిన నీరు పోయరాదు. గంటకు ఒక డిగ్రీకి మించకుండా వేడిని పెంచాలి.

చలి ముదిరేలోగా, నవంబరులోనే మూత, థర్మోకోల్ సిద్ధం చేసుకుని, మూడు రోజుల నీటిమట్టం పరీక్ష జరిపి, ఆ తరువాతే హీటరు సామర్థ్యాన్ని నిర్ణయించుకోవడం శ్రేయస్కరం.