భ్రాంతి గొలుపు మందులు - మనోవ్యాధి చికిత్స



గడచిన సంక్రాంతికి ముందు, పూర్వము నావద్ద చదువుకొన్న రైతొకడు కోదాడలోని మా యింటికి వచ్చి, అరుగుపై కూర్చుండి, చాలసేపు మాటాడకుండెను. అతని కుమారుడు హైదరాబాదున చదువుచు, రెండేండ్లుగా దిగులుతో క్రుంగియున్నాడు. తిండి సయింపదు, నిద్ర పట్టదు, పుస్తకము ముట్టడు. తోడివాడొకడు ఆ బాలునితో, "తపాలాబిళ్ళకంటె చిన్నదైన కాగితపుముక్క నొకదానిని నాలుకపై నుంచుకొన్నచో ఒక్కనాటిలో దిగులు తీరును; విదేశములలో డాక్టర్లే యిచ్చుచున్నారు" అని చెప్పెనట. "పంతులుగారూ! ఇందు నిజమెంత?" అని తండ్రి నన్నడిగెను. నేను వైద్యుడను గాను. వ్యాకరణము చెప్పి తల నెరసినవాడను. అయినను తెలిసినవారి నడిగియు, చదివియు గ్రహించినదానిని అతనికి జెప్పితిని. అదియే నేడు మీకు విన్నవించెదను. ఆ తోడివాని మాటలో సగము నిజము కలదు. సగము నిజమగుటయే దానిలోని యపాయము.

భ్రాంతి గొలుపు వస్తువు మనకు క్రొత్తది కాదు. చేలగట్లపై పెరుగు ఉమ్మెత్త నెఱుగనివారు లేరు. దాని పూవు శివపూజకు వచ్చును. దాని గింజ తిన్నవాడు నోరెండి, కనుపాపలు విరిసి, లేని దారములను గాలిలో ఏరుచు, లేనివారితో మాటలాడును, కొందఱు మరణింతురు. జ్ఞాపకమునకును తెలివికిని ఆధారమైన ఎసిటైల్‌కోలిన్ అను మెదడు ద్రవ్యము పనిని ఆ విషము అడ్డగించును. కావున వాడు తన భ్రాంతిని భ్రాంతి యని యెఱుగడు. నేను చెప్పబోవు మందులు వేఱు జాతివి. వానిని పుచ్చుకొన్నవాడు తాను చూచునది మందువలని వికారమని చాలవఱకు ఎఱిగియే యుండును. ఈ రెంటిని ఒక్కటిగ నెంచి ఉమ్మెత్తతో చికిత్స చేయబూనుట ప్రాణాంతకము.

ఈ రెండవ జాతిలో ప్రసిద్ధమైనది ఎల్.ఎస్.డి. దాని పుట్టుక సేద్యగాండ్రకు సులభముగ బోధపడును. సజ్జకంకికి తేనెబంక తెగులు సోకినపుడు జిగట కారి, పిదప గింజకు మాఱుగా నల్లని కొమ్ములవంటివి పుట్టును. విత్తనమును ఉప్పునీట వేసి, తేలినవానిని తీసివేయుట మీరెఱిగినదే. యూరపుఖండమున గోధుమను బోలిన రై అను ధాన్యమునకు ఎర్గాట్ అను ఇట్టి తెగులు కలదు. ఆ పిండితో రొట్టెలు తిన్న గ్రామములలో పూర్వము కాలుసేతులు కుళ్ళియు, మూర్ఛలు వచ్చియు, మతి భ్రమించియు జనులు మడిసిరి. ఆ తెగులునుండియే మంత్రసానులు కాన్పుమందును గ్రహించిరి. ప్రసవానంతరము రక్తస్రావము నాపుటకు నేటికిని ఆసుపత్రులలో వాడు ఎర్గోమెట్రిన్ జాతి మందు దాని సంతతియే. విషమును మందును ఒకే కంకి మోయుచున్నవి. మన సజ్జ తెగులు దీనికి దాయాదియే కాని, దాని విషము వేఱు. అది వాంతులను, తలతిప్పును, మగతను కలిగించును.

స్విట్జర్లాండు దేశమున బాజెల్ నగరమందలి సాండోజ్ మందుల కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఎర్గాట్ ద్రవ్యములను శోధించుచు 1938లో ఎల్.ఎస్.డి.ని తయారుచేసెను. 1943 ఏప్రిల్ 19వ తేదీన తానే ఒక మిల్లీగ్రాములో నాలుగవవంతు, అనగా సన్నబియ్యపుగింజ తూకములో సుమారు యాబదవవంతు, పుచ్చుకొని సైకిలుపై ఇంటికి బోయెను. ఇంటిలోని సామానులు కదలియాడెను. పాలు తెచ్చిన పొరుగింటి యామె మంత్రగత్తెవలె కానవచ్చెను. మఱునాటికి స్వస్థుడయ్యెను. మెక్సికో దేశపు గిరిజనులు పూజలయందు వాడు పుట్టగొడుగులనుండి సైలోసైబిన్ అను ద్రవ్యమును 1958లో వేఱుచేసినవాడును ఈయనయే.

ఇవి మెదడులో నేమి చేయును? మన మెదడున సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఒక కణము వేఱొక కణమునకు రసాయన ద్రవ్యములద్వారా వార్త పంపును. సెరటోనిన్ అట్టి ద్రవ్యములలో నొకటి. అది తాళపుచెవివంటిది, దానికి తగిన తాళములు కణములపై నుండును. ఎల్.ఎస్.డి.యు, సైలోసైబిన్‌నుండి శరీరమున పుట్టు ద్రవ్యమును సెరటోనిన్‌ను బోలిన మాఱు తాళపుచెవులు. 1998లో స్విట్జర్లాండు పరిశోధకులు ముందుగా వేఱొక మందుతో ఒక జాతి తాళమును మూసి, పిదప సైలోసైబిన్ నిచ్చిరి. భ్రాంతులు కలుగలేదు. తాళ మిదియే యని అట్లు రుజువయ్యెను.

ఆ తాళము తెఱచినపుడేమగునో తెలియుటకు మన సాగరు ఎడమకాలువను తలచుకొనుడు. నీరెంత యున్నను, తూముల కట్టడినిబట్టియే చేలకు బోవును. మెదడును కన్ను, చెవి తెచ్చు వార్తలను అట్లే కట్టడిచేసి, ఇది ముఖ్యము, ఇది కాదని విడదీయును. ఈ మందువలన కొన్నిగంటలపాటు ఆ కట్టడి సడలును. 'నేను, నాది' యను తలపునకు ఆధారమైన భాగముల పొందిక తగ్గుననియు, మామూలుగ దూరముగనుండు భాగములు కలిసి పనిచేయుననియు మెదడును చిత్రించు యంత్రములవలన తెలిసినది. దిగులువ్యాధిలో మనస్సు 'నేను పనికిమాలినవాడను' అను ఒక్క బోదెలోనే పాఱుచుండును. ఆ బోదె కొంత చెదరి క్రొత్తదారికి చోటేర్పడునని వైద్యుల యాశ. ఇది ఇంకను ఊహయే గాని తేలిన సిద్ధాంతము కాదు.

1950, 1960 దశాబ్దములలో కెనడా, అమెరికా దేశముల వైద్యులు త్రాగుడు మాన్పుటకును, దిగులునకును ఎల్.ఎస్.డి.ని వాడిచూచిరి. పిదప యువకులు వైద్యునితో నిమిత్తము లేక విచ్చలవిడిగ వాడసాగిరి. 1971 నాటి అంతర్జాతీయ ఒడంబడికతో కట్టుదిట్టములు వచ్చెను; పరిశోధన చాలకాలము సన్నగిల్లెను. తిరిగి మొదలైన పిదప, 2016లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారు, క్యాన్సరుచే దిగులును భయమును పొందిన 51 మందికి సైలోసైబిన్ నిచ్చిన ఫలితములను ప్రకటించిరి. ఆఱునెలల పిదపను పదుగురిలో సుమారు ఎనమండ్రకు బాధ తగ్గియుండెను. 2022లో వెలువడిన వేఱొక పరిశోధనలో ఇతర మందులకు లొంగని దిగులుగల 233 మంది పాల్గొనిరి. పెద్దమోతాదు పొందినవారిలో మూడువారములకు నూటికి 37 మందికి గుణము కనబడెను. నామమాత్రపు మోతాదువారిలో 18 మందికి. పండ్రెండువారములవఱకు ఆ గుణము నిలిచినది పెద్దమోతాదువారిలో నూటికి 20 మందికే. కొందఱికి ఆత్మహత్యా తలంపులును కలిగెను. పైగా, ఎవరికి మందు ముట్టెనో భ్రాంతివలననే తెలిసిపోవును గావున, మందు చేసిన మేలెంత, నమ్మకము చేసిన మేలెంత యని విడదీయుట కష్టము. ఆస్ట్రేలియాలో 2023 జులై 1 నుండి అనుమతిపొందిన మానసికవైద్యులు మాత్రము సైలోసైబిన్ నీయవచ్చును.

ఇక ఈ పరీక్షలు జరుగు తీరు వినుడు. ముందు రోగి గుండెను, రక్తపుపోటును చూతురు. అతని వంశమున ఉన్మాదము గలదేమో విచారించి, యున్నచో చేర్చుకొనరు. కొన్నిదినములు మాటలాడి భయము తీర్తురు. మందిచ్చిన దినమున ఆఱేడు గంటలు శిక్షణగలవారు ప్రక్కనే కూర్చుందురు. పిదప అతడు చూచినదానిని అతని బ్రదుకునకు అన్వయించుచు మరల మాటలాడుదురు. ఇచ్చునది మందొక్కటే కాదు, మనుష్యుని తోడు. ఆ తోడివాడు చెప్పక విడిచిన సగ మిదియే. అతడు చూపిన కాగితముపై నున్నది ఏ ద్రవ్యమో, ఎంత మోతాదో, అమ్మువానికే తెలియకపోవచ్చును. మన దేశమున 1985 నాటి చట్టప్రకార మది నేరమును. 2017లో హైదరాబాదున ఆబ్కారీ యధికారులు ఎల్.ఎస్.డి. పట్టుకొన్నపుడు, కొనువారిలో విద్యార్థులును కలరని పత్రికలు వ్రాసెను.

ఆ రైతుతో నేను, "నాయనా! ఆ కాగితము జోలికి పోనీయకుము. అట్లని బాలుని తిట్టకుము, వాడు వెదకినది మత్తు కాదు, బాధకు మందు" అంటిని. తండ్రీకొడుకులు సూర్యాపేట ప్రభుత్వ ఆసుపత్రికి బోయి మానసికవైద్యుని చూచిరి. వారాలకు గాని గుణమీయదని చెప్పి ఆయన మామూలు మందే యిచ్చెను. మీ యింట ఇట్టి దిగులున్నచో దయ్యమనియు, సోమరితనమనియు తలపకుడు. ప్రభుత్వమువారి టెలిమానస్‌కు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. అంకెలు వ్రాసికొనుడు: 14416. మరల చెప్పుచున్నాను: 14416.

మొన్న ఆ బాలుడు తండ్రివెంట నారుమడికి వచ్చెనని విన్నాను. దిగులు పూర్తిగ పోలేదట. కాని రాత్రులు నిద్రపోవుచున్నాడట. తండ్రి మంచము వాని మంచము ప్రక్కనే వేసికొనుచున్నాడు.