డేరాలు కుట్టిన ఇంట్లో సంఘం

మన సంఘాల్లో ప్రార్థన విన్నపాలు చదువుతున్నప్పుడు తరచుగా వినిపించే విన్నపం ఒకటుంది: అబ్బాయి, కోడలు విదేశంలో స్థిరపడాలి. వీసా వస్తే కృతజ్ఞత కానుక ఇస్తాం. విమానం ఎక్కే ముందు తలమీద చేతులుంచి ప్రార్థిస్తాం. ఆ తర్వాత వారి జీతం గురించి, ఇల్లు గురించి, పిల్లల గురించి అడుగుతాం. ఆ కొత్త దేశంలో సోమవారం నుంచి శనివారం దాకా వారిద్దరి విశ్వాసం ఎలా నిలబడుతోందని మాత్రం అడగం. అడగాలని పరిశుద్ధ గ్రంథం మనకు నేర్పుతోంది. ఎందుకంటే కొత్త నిబంధనలో ఇలా దేశం మారిన దంపతులు ఉన్నారు. వారే అకుల, ప్రిస్కిల్ల.

వారిని మనం సాధారణంగా "పౌలు సహకారులు" అని ఒక్క మాటలో చెప్పి ముందుకు వెళ్లిపోతాం. వారి దినచర్యను కాస్త దగ్గరగా చూస్తే, దేశం విడిచి వెళ్లిన మన బిడ్డలకు, ఇక్కడున్న మనకు కూడా నేర్చుకోవలసింది చాలా ఉంది.

ఊళ్లు మారిన జీవితం

అకుల పొంతు ప్రాంతపు యూదుడు. పొంతు నల్ల సముద్రానికి దక్షిణ తీరాన, ఈనాటి టర్కీలో ఉంది. అక్కడి నుంచి ఆయన రోమాకు చేరాడు. ప్రిస్కిల్ల పుట్టిన ఊరు లేఖనం చెప్పలేదు. క్లౌదియ చక్రవర్తి యూదులు రోమా విడిచి వెళ్లాలని ఆజ్ఞాపించినప్పుడు ఇద్దరూ బయలుదేరి కొరింథుకు వచ్చారు (అపొ. కా. 18:2). ఆ ఆజ్ఞను రోమా చరిత్రకారుడు సూటోనియస్ కూడా ప్రస్తావించాడు. అది క్రీ.శ. 49లో జరిగిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

వారు ఇష్టపడి వెళ్లినవారు కారు, ప్రభుత్వం పొమ్మంటే వెళ్లినవారు. కట్టుకున్న ఇల్లు, తెలిసిన ఖాతాదారులు, ఇరుగుపొరుగు అన్నీ వెనకే ఉండిపోయాయి. తర్వాత కొరింథు నుంచి ఎఫెసుకు, ఎఫెసు నుంచి మళ్లీ రోమాకు మారారు. పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రిక నాటికి తిరిగి ఎఫెసులోనే ఉన్నట్టు కనిపిస్తోంది. ఒక్క జీవితంలో ఇన్ని ఊళ్లు!

కొరింథులో ఒక రోజు

వారు వచ్చి చేరిన కొరింథు ఎలాంటి ఊరు? రోమీయులు క్రీ.పూ. 146లో దాన్ని నేలమట్టం చేశారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ దాన్ని రోమా వలస నగరంగా మళ్లీ కట్టించాడు. దాసత్వం నుంచి విడుదలైన వారెందరో వచ్చి అక్కడ స్థిరపడ్డారు. అకుల, ప్రిస్కిల్ల వచ్చేసరికి ఆ కొత్త ఊరికి నూరేళ్లు కూడా నిండలేదు. పడమట లెకయోను రేవు, తూర్పున కెంక్రేయ రేవు. నావికులు, వర్తకులు, రెండేళ్లకోసారి దగ్గరలో జరిగే ఇస్త్మియ క్రీడలకు వచ్చే జనం. డేరాలకు, దుకాణాల ముందు కట్టే నీడ గుడ్డలకు అక్కడ గిరాకీ ఉండేదని పండితులు భావిస్తారు.

వారి వృత్తి డేరాలు కుట్టడం. తోలును గానీ మందపాటి గుడ్డను గానీ కోయాలి, ఆరెతో బెజ్జం పెట్టాలి, గట్టి దారంతో కుట్టాలి. ఈ పనికి కావలసిన పనిముట్లు ఒక సంచిలో పడతాయి. రాజాజ్ఞ వారి ఊరిని లాక్కుంది గానీ చేతిలోని పనిని లాక్కోలేకపోయింది. కొరింథులో సంతవీధి పక్కన వరుసగా కట్టిన చిన్న దుకాణపు గదులు తవ్వకాల్లో బయటపడ్డాయి. ఆ కాలపు చేతిపనివారు ఇలాంటి గదుల్లోనే పనిచేసి, వెనక భాగంలోనో పైన అటకమీదో పడుకునేవారు.

అలాంటి చోటికి పౌలు వచ్చాడు. ఆయనదీ అదే వృత్తి గనుక వారితో ఉండి పనిచేశాడని లూకా రాశాడు (18:3). ఆ ఊళ్లో ఆయన ఏడాదిన్నర ఉన్నాడు. సబ్బాతున సమాజమందిరంలో వాదించేవాడు. మిగతా రోజుల్లో సూది, దారం. బేరానికి వచ్చినవారు, పక్క దుకాణంవారు, రేవు నుంచి వచ్చిన ప్రయాణికులు ఆ గుమ్మంలో నిలబడి మాట్లాడి ఉంటారు. కొరింథు సంఘం వెనక పెద్ద సభలు మాత్రమే లేవు, ఈ దంపతుల చేతిపని కూడా ఉంది.

తలుపు తెరిచిన ఇల్లు

ఎఫెసుకు మారాక కూడా ఇదే వరస. అక్కడ వారి ఇంట్లో సంఘం కూడేది (1 కొరింథీ. 16:19). రోమాకు తిరిగి వెళ్లాక అక్కడి ఇంట్లోనూ సంఘం కూడింది (రోమా. 16:5). ఏ ఊళ్లోనూ "ముందు మేము కుదురుకోవాలి, తర్వాత సేవ" అని వారు అనలేదు. కుదురుకోవడంలోనే సేవ మొదలైంది.

అలెక్సంద్రియ నుంచి వచ్చిన అపొల్లో విషయం చూడండి. గొప్ప వక్త, లేఖనాలు తెలిసినవాడు. అయితే యోహాను బాప్తిస్మం వరకే ఎరిగినవాడు. ప్రిస్కిల్ల, అకుల ఆయనను సభలో నిలదీయలేదు. తమతో తీసుకెళ్లి దేవుని మార్గాన్ని మరింత స్పష్టంగా వివరించారు (18:26). ఒక పండితుణ్ని దంపతులు నెమ్మదిగా సరిదిద్దారు. ఆ పనిలో ప్రిస్కిల్ల వెనక నిలబడలేదు. వారిద్దరి పేర్లు వచ్చే ఆరు చోట్లలో ఎక్కువ చోట్ల ఆమె పేరే ముందుంది. తన ప్రాణం కాపాడటానికి వారు తమ మెడలే పణంగా పెట్టారని పౌలు కృతజ్ఞతతో గుర్తుచేసుకున్నాడు.

ఈనాటి మన దంపతులు

వారి కథను మన బిడ్డలకు అన్వయించేటప్పుడు ఒక తేడాను దాచకూడదు. ప్రిస్కిల్ల ఏ ఊరు వెళ్లినా పని ఆమె చేతిలోనే ఉంది. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగి వెంట హెచ్-4 వీసా మీద వెళ్లిన భార్యకు సాధారణంగా పని చేసే వీల్లేదు. 2015 నుంచి, గ్రీన్ కార్డు ప్రక్రియలో కొంత దూరం వచ్చినవారి భార్యలకో భర్తలకో మాత్రం పని అనుమతి కోరే అవకాశం వచ్చింది. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో మనవాళ్లకు ఆ వరుస ఏళ్ల తరబడి సాగుతుంది. ఇక్కడ ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం చేసిన అమ్మాయి, అక్కడ నాలుగు గోడల మధ్య ఒంటరిగా కూర్చుంటుంది. ఆమెకు "నీకేం తక్కువమ్మా" అనే మాట ఓదార్పు కాదు.

గల్ఫ్‌కు వెళ్లినవారి బాధ వేరు. కుటుంబాన్ని తీసుకెళ్లాలంటే నిర్ణీత జీతం ఉండాలన్న నియమాల వల్ల, కూలి పనికి వెళ్లినవారు భార్యాబిడ్డలను ఊళ్లోనే వదిలి వెళ్తారు. ఇళ్లల్లో పనికి వెళ్లిన మన అక్కాచెల్లెళ్లు భర్తను, పిల్లలను వదిలి వెళ్తారు. అకుల, ప్రిస్కిల్లలకు దక్కిన భాగ్యం, అంటే ఒకే కప్పు కింద ఉండటం, వీరికి లేదు. వీరిని దంపతులుగా నిలబెట్టే భారం సగం సంఘానిదే.

కాబట్టి సంఘంగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఫోన్ చేసినప్పుడు కొడుకు ఉద్యోగం గురించే కాక, కోడలి మనసు గురించి అడగండి. మీ పట్టణంలో ఎవరింటికి వెళ్తున్నారు, మీ ఇంటికి ఎవరు వస్తున్నారు అని అడగండి. పెద్ద ఇల్లు కొన్నాకే ప్రార్థన కూడిక పెట్టనవసరం లేదని, అద్దె ఇంట్లో నాలుగు కుర్చీలు చాలని చెప్పండి. తెలుగువారితోనే సరిపెట్టుకోకుండా ఆ ఊరివారికీ తలుపు తీయమనండి. గల్ఫ్‌లో ఉన్నవారి కుటుంబం మీ సంఘంలో ఉంటే, డబ్బు వచ్చిందా అని కాక, ఆ తల్లికి ఆసుపత్రిలో, బడిలో తోడు కావాలా అని అడగండి.

ఇక రెండవ మాట. కొత్త దేశానికి వెళ్లిన దంపతులు విదేశాల్లోనే ఉన్నారని అనుకోవద్దు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఏటా భార్యాభర్తలు జంటగా తెలంగాణ ఇటుక బట్టీలకు వస్తారు. భాష రాదు, ఊరు తెలియదు. వారికి మన ఊరే కొత్త దేశం. మన బిడ్డకు అమెరికాలో ఎవరైనా తలుపు తీయాలని ప్రార్థించే మనం, వారికి మన మందిరం తలుపు తీశామా?

రోమా తన ఊళ్లో నుంచి వెళ్లగొట్టిన దంపతులను దేవుడు మూడు పట్టణాల సంఘాలకు ఆదరువుగా చేశాడు. అదే దేవుడు మన బిడ్డల అద్దె ఇళ్లను, మన ఊరి చివరి గుడిసెలను కూడా ఎరిగినవాడు. ఈ ఆదివారం మన విన్నపం కొంచెం మార్చుకుందాం: ప్రభువా, వారు స్థిరపడాలి, వారి ఇంటి తలుపు ఇతరులకు తెరిచి ఉండాలి, మా తలుపు కూడా. ఆమేన్.