పాలీహౌస్ క్యాప్సికంలో ఆకులు పసుపెక్కితే: మందు కొనే ముందు చూడవలసినవి

కోలారు, చిక్కబళ్ళాపురం, హోసూరు ప్రాంతాల్లోను, సరిహద్దుకు ఆనుకొని ఉన్న కుప్పం, మదనపల్లె వైపునను పాలీహౌస్ సేద్యం రైతు కుటుంబాలకు కొత్త కాదు. గులాబీ, జెర్బెరా పూలతో పాటు ఎరుపు, పసుపు రంగుల క్యాప్సికం ఈ కప్పుల కింద పండుతున్నది. దీనినే మనవారు బుట్టమిరప అనీ, బెంగుళూరు మిరప అనీ అంటారు. నాటినది మొదలు తొమ్మిది పది నెలలు కాపు కాసే పంట ఇది. బ్యాంకు అప్పు, బంగారం తాకట్టు, ఇంటిల్లిపాది శ్రమ దీనిమీద ఆధారపడి ఉంటాయి. అటువంటి పంటలో ఒకనాటి ఉదయం ఆకులు పసుపెక్కి కనిపిస్తే ఇంట్లో అందరికీ గుండె జారడం సహజం. వెంటనే ఒక ఆకు తుంచుకొని ఎరువుల అంగడికి వెళ్ళడం, అక్కడ ఇచ్చిన రెండు మూడు సీసాలను కలిపి కొట్టడం పరిపాటి అయినది.

ఇక్కడే నష్టం మొదలవుతున్నది. పసుపు రంగు ఒక రోగం కాదు, అది ఒక గుర్తు మాత్రమే. జ్వరం ఎన్నో కారణాల వలన వచ్చినట్లే, ఆకు పసుపెక్కడానికి కూడా పది కారణాలు ఉంటాయి. వేరు కుళ్ళినా, పోషకం తక్కువైనా, నల్లి పట్టినా, నీటిలో ఉప్పు ఎక్కువైనా ఆకు చూపేది ఆ రంగునే. కారణం తెలియక వేసిన ఎరువు మేలు చేయకపోవడమే గాక, ఉన్న కీడును పెంచుతుంది. అదృష్టవశాత్తు మొక్క తన బాధను ఒక క్రమంలో చెబుతుంది. ఆ క్రమాన్ని చదవడానికి కావలసినవి రెండు కళ్ళు, ఒక భూతద్దం, ఒక బకెట్టు నీరు.

మొదటి ప్రశ్న: ఎన్ని మొక్కలు, ఎక్కడ?

ఆకును పట్టుకొనే ముందు పాలీహౌస్ ద్వారం వద్ద నిలిచి తోట మొత్తాన్ని చూడాలి. పచ్చని వరుసలో ఒక్క మొక్క మాత్రమే పసుపెక్కితే ఎరువు లోపం అనుకోనక్కరలేదు. ఎరువు అన్నింటికీ ఒకే గొట్టం గుండా వెళ్ళినది గదా! అక్కడ డ్రిప్ రంధ్రం మూసుకుపోయి ఉండవచ్చు, లేదా ఆ మొక్క వేరుకు హాని కలిగి ఉండవచ్చు. వరుస చివరి మొక్కలు మాత్రమే పాలిపోతే గొట్టంలో నీటి ఒత్తిడి చివరి దాకా అందడం లేదని అనుమానించాలి. వరుస మొదట ఒక గ్లాసు, చివర ఒక గ్లాసు పెట్టి పది నిమిషాల్లో ఎంత నీరు పడినదో పోల్చి చూస్తే సంగతి తేలిపోతుంది.

అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా, గుంపులుగా పసుపెక్కి, ఆ గుంపులు నెలనెలకు విస్తరిస్తూ ఉంటే నులిపురుగునో, వేరుకుళ్ళునో వెతకాలి. తోట అంతా ఒకే తీరున పాలిపోయినప్పుడే పోషకం, నీరు, మట్టి గురించి ప్రధానంగా ఆలోచించాలి.

రెండవ ప్రశ్న: కింది ఆకా, పై ఆకా?

ఇది అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న. కొన్ని పోషకాలు మొక్కలో ఒక చోటినుండి మరొక చోటికి కదలగలవు. నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం ఈ కోవలోనివి. వీటికి కొరత వచ్చినప్పుడు మొక్క ముదురు ఆకులనుండి వాటిని తీసి లేత చిగురుకు పంపుతుంది. ఇంట్లో తిండి తక్కువైతే పెద్దలు తమ ముద్దను పిల్లలకు పెట్టినట్లన్న మాట. కావున ఈ లోపాలు మొదట కింది ముదురు ఆకులలో కనిపిస్తాయి.

ఇనుము, మాంగనీసు వంటివి అట్లా సులువుగా కదలలేవు. ముదురు ఆకులో చేరినది అక్కడే ఉండిపోతుంది. అందుచేత వీటి లోపం కొత్తగా వచ్చే లేత ఆకులలో మొదట బయటపడుతుంది. గంధకం లోపం కూడా ఎక్కువగా లేత ఆకులలోనే కనిపిస్తుంది.

పంట ముదిరే కొద్దీ అట్టడుగున ఒకటి రెండు ఆకులు నీడపడి పండి రాలడం మాత్రం సహజమే. దానికి ఏ మందూ అవసరం లేదు.

మూడవ ప్రశ్న: ఆకులో ఏ భాగం?

కింది ఆకు ఈనెలతో సహా అంతా ఒకే తీరున లేత పసుపుకు మారితే అది నత్రజని లోపం కావచ్చు. కింది ఆకులోనే ఈనెలు పచ్చగా ఉండి, వాటి నడుమ భాగం పసుపెక్కితే మెగ్నీషియం లోపం అనుకోవాలి. ఆకు పచ్చదనానికి మూలమైన పత్రహరితం అణువు నడుమ ఉండేది మెగ్నీషియమే. కాయ బాగా పట్టిన వేళ పొటాష్ ఎక్కువగా ఇచ్చిన తోటల్లో ఇది తరచుగా వస్తుంది, ఎందుకంటే పొటాష్ అధికమైతే వేరు మెగ్నీషియాన్ని తీసుకోలేదు. కింది ఆకుల అంచులు పసుపెక్కి పిదప మాడితే పొటాష్ లోపాన్ని అనుమానించాలి. అయితే ఉప్పు ఎక్కువైనా అంచులు మాడతాయి గనుక, మట్టిని చూడకుండా పొటాష్ వేయరాదు.

పై లేత ఆకులలో సన్నని ఈనెలు కూడా గీత గీసినట్లు పచ్చగా నిలిచి, మిగిలినదంతా పసుపెక్కితే అది ఇనుము లోపం. ముదిరితే చిగురు దాదాపు తెల్లబడుతుంది. వేరుశనగ పండించే కుటుంబాలకు ఈ రూపం చిరపరిచితమే. ఈనెల వెంట పచ్చదనం వెడల్పుగా మిగిలి, నడుమ మసక మసకగా పసుపు కనిపిస్తే మాంగనీసు లోపం కావచ్చు. లేత ఆకు ఈనెలతో సహా పాలిపోతే గంధకం వైపు చూడాలి.

పసుపు, ఆకుపచ్చ రంగులు క్రమం లేకుండా అతుకులు వేసినట్లుండి, ఆకు ముడుచుకొని మొక్క గిడసబారితే అది వైరస్ తెగులు కావచ్చు. పేనుబంక, తెల్లదోమ వంటి పురుగులు దీనిని ఒక మొక్కనుండి మరొక మొక్కకు మోస్తాయి. వైరస్ సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు. దానిని సంచిలో కప్పి బయటికి తీసుకుపోయి నాశనం చేయడం, పురుగును అదుపులో ఉంచడం మాత్రమే మార్గం.

ఆకు తిప్పి చూడండి

చాలామంది ఆకు పైభాగం చూసి నిర్ణయానికి వస్తారు. అసలు దొంగ వెనుక దాగి ఉంటాడు. పైన పసుపు మచ్చలు, ఆ మచ్చల వెనుక తెల్లని పొడి ఉంటే అది బూడిద తెగులు. క్యాప్సికంలో ఈ తెగులు తొలుత ఆకు అడుగునే కనిపించడం వలన దీనిని పోషక లోపమని పొరబడడం జరుగుతుంది. ఆకుమీద సూదితో పొడిచినట్లు సన్నని పసుపు చుక్కలు, అడుగున పలుచని గూడు, భూతద్దంలో కదిలే చిన్న చిన్న ప్రాణులు కనిపిస్తే అవి ఎర్ర నల్లులు. వేడి, పొడి వాతావరణంలో ఇవి వేగంగా పెరుగుతాయి. నల్లి పట్టిన తోటకు ఎంత మెగ్నీషియం కొట్టినా ఆకు పచ్చబడదు.

వేరు చెప్పే మాట

కారణం తేలకపోతే ఒక బలహీనమైన మొక్కను త్యాగం చేయక తప్పదు. పీకితే వేర్లు తెగిపోతాయి గనుక, చుట్టూ తవ్వి మట్టితో సహా ఎత్తి బకెట్టు నీటిలో మెల్లగా కడగాలి. ఆరోగ్యమైన వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. వేరు గోధుమరంగుకు మారి, పట్టుకుంటే పైతోలు ఊడివస్తే అది కుళ్ళు. మట్టి తడిగా ఉండగానే ఆకులు పసుపెక్కి వాలుతున్నాయంటే వేరుకు గాలి అందక ఉక్కిరిబిక్కిరి అవుతున్నదని అర్థం. అప్పుడు మొక్క వాడినదని మరింత నీరు పెట్టడం ప్రాణం తీయడమే.

వేరుమీద పూసలు గుచ్చినట్లు బుడిపెలు ఉంటే అది వేరుముడి నులిపురుగు. వేరుశనగ, అలసంద వేర్లమీద కూడా బుడిపెలు ఉంటాయి గాని, అవి నత్రజనిని అందించే మంచి బుడిపెలు, గోటితో గిల్లితే ఊడి వస్తాయి. నులిపురుగు బుడిపె అట్లా ఊడదు, ఎందుకంటే అక్కడ ఉబ్బినది వేరే. ఏటేటా ఒకే మడిలో క్యాప్సికం, టమాట, దోస వేసే పాలీహౌస్‌లలో ఈ పీడ అధికం. దీనికి ఆకుమీద కొట్టే ఏ టానిక్కూ పనిచేయదు. పంట తీసిన పిదప వేర్లన్నీ ఏరివేయడం, వేసవిలో తడిపిన మడిపై పారదర్శకమైన పాలిథిన్ పట్టా నాలుగు నుండి ఆరు వారాలు కప్పి ఉంచడం, వేపపిండిలో మేలు చేసే శిలీంధ్రాలను వృద్ధిచేసి మట్టిలో కలపడం, నులిపురుగు లేని నారు తేవడం దీనికి ఉపాయాలు. బెంగుళూరు సమీపాన హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఈ జీవ నియంత్రణ పద్ధతులపై విశేష కృషి చేసినది.

బోరు నీరు, కప్పు కింది మట్టి

బయటి చేనికి, పాలీహౌస్‌కు ఒక పెద్ద భేదం ఉన్నది. కప్పు కింద వాన పడదు. చేనిలో మిగిలిన ఉప్పును ఏటా వాన కడిగివేస్తుంది. పాలీహౌస్‌లో ప్రతి రోజూ ఇచ్చే ఎరువు, బోరు నీటిలోని ఉప్పు మడిలోనే పేరుకుంటాయి. మట్టిమీద తెల్లని పొర, ఆకుల అంచుల మాడు దీని ఆనవాళ్ళు. ఇటువంటి మడిలో పసుపు చూసి ఇంకొక మోతాదు ఎరువు వేస్తే పుండుమీద కారం చల్లినట్లే.

మరొక సంగతి. లోతైన బోర్ల నీటిలో తరచుగా సున్నపు గుణం ఎక్కువగా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ నీరు పెట్టగా మట్టి పీహెచ్ పెరుగుతుంది. క్యాప్సికానికి పీహెచ్ 6 నుండి 6.8 దాకా అనుకూలం. అది 7.5 దాటితే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. అన్నం కుండనిండా ఉన్నా నోటికి అందని స్థితి అది. కావున చిగురు పసుపెక్కిన చోట మట్టి, నీరు రెండింటి పరీక్ష తప్పనిసరి.

మడులలో ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి, కలిపి, నీడలో ఆరబెట్టి అర కిలో పంపాలి. ఎరువు ఇచ్చిన వెంటనే మట్టి తీయరాదు. బోరు అరగంట నడిచిన పిదప శుభ్రమైన సీసాలో లీటరు నీరు పట్టాలి.

చికిత్సలో క్రమం

మొదట నీటిని, వేరును సరిచేయాలి. పిదపనే పోషకం. ఇనుము లోపానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయడం వేరుశనగలో అనుభవమున్న పద్ధతి. క్యాప్సికం ఆకు సున్నితమైనది గనుక ముందు పది మొక్కలపై కొట్టి రెండు రోజులు చూడాలి. పీహెచ్ ఎక్కువైన మట్టిలో వేరు ద్వారా ఇనుము ఇవ్వాలంటే ఈడీటీఏ రకం నిలువదు, ఈడీడీహెచ్ఏ రకం కావాలి. మెగ్నీషియం లోపానికి లీటరుకు 5 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ పిచికారీ చేయవచ్చు. దీనిని కాల్షియం నైట్రేట్‌తో ఒకే తొట్టిలో కలిపితే గడ్డకట్టి డ్రిప్ రంధ్రాలు మూసుకుపోతాయి. నత్రజని లోపమని తేలితే లీటరుకు 5 గ్రాముల 19:19:19 ఎరువు పిచికారీతో తాత్కాలిక ఉపశమనం కలుగుతుంది.

ఏ పిచికారీ అయినా ఉదయం చల్లని వేళ గాని, సాయంత్రం గాని చేయాలి. ఒకసారి ఒకే మందు కొట్టాలి. నాలుగు కలిపి కొడితే ఏది పనిచేసినదో తెలియదు. మూసిన కప్పు కింద పురుగుమందు ఆవిరి నిలిచిపోతుంది గనుక ముఖానికి, చేతులకు రక్షణ ఉండాలి. ఆ సమయాన పిల్లలను లోనికి రానీయరాదు. మందు కొట్టిన పిదప ఎన్ని రోజులు కాయ కోయరాదో డబ్బా మీద చదివి పాటించాలి.

పసుపెక్కిన ముదురు ఆకు తిరిగి పచ్చబడకపోవచ్చు. కావున దానిని చూసి మందు పనిచేయలేదని నిరాశ చెందరాదు. పది రోజుల పిదప వచ్చే కొత్త ఆకులు ఎట్లా ఉన్నాయో చూడాలి. తీర్పు వాటిదే.

భాష అడ్డు కారాదు

సరిహద్దు కుటుంబాలకు మరొక ఇబ్బంది గలదు. ఇంట్లో తెలుగు, పరీక్ష చీటీ కన్నడంలోనో తమిళంలోనో ఉంటుంది. మనం నత్రజని అనేదానిని కన్నడంలో సారజనక అనీ, తమిళంలో తళైచ్చత్తు అనీ వ్రాస్తారు. భాస్వరం కన్నడంలో రంజక, తమిళంలో మణిచ్చత్తు. పొటాష్‌ను తమిళంలో సాంబల్ సత్తు అంటారు. ఇనుము కన్నడంలో కబ్బిణ, తమిళంలో ఇరుంబు. ఆ లిపి చదవగలిగిన బడి పిల్లలు ఇంట్లో ఉంటే, చీటీని వారితో చదివించి పక్కనే తెలుగు పేర్లు వ్రాసుకోవడం మంచిది.

సందేహం తీరకపోతే దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళవచ్చు. కోలారు జిల్లావారికి టమకలోను, కృష్ణగిరి జిల్లావారికి ఎలుమిచ్చంగిరిలోను, మదనపల్లె వైపువారికి కలికిరిలోను ఈ కేంద్రాలు ఉన్నాయి. వెళ్ళేటప్పుడు ఒక్క ఆకు కాదు, వేరుతో సహా ఒక మొక్కను సంచిలో పెట్టుకొని, గత నెలలో ఇచ్చిన ఎరువుల వివరం ఒక కాగితంపై వ్రాసుకొని వెళ్ళాలి. 2004లో ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్ ఉచిత సంఖ్య 1800-180-1551. తెలుగు, కన్నడ, తమిళాలతో సహా 22 భాషలలో ఇక్కడ సలహా లభిస్తుంది. ఫోను చేసే ముందు మూడు ప్రశ్నలకు జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి: ఎన్ని మొక్కలు, ఏ ఆకులు, ఆకులో ఏ భాగం. ఈ మూడూ స్పష్టంగా చెప్పగలిగిన రైతుకు సలహా ఇవ్వడం సులువు, అక్కరలేని సీసా అంటగట్టడం కష్టం.