నడుము బిగువున నేసే వస్త్రం

దిబాంగ్, లోహిత్ నదులను కలుపుకొని బ్రహ్మపుత్రగా మారే సియాంగ్ నదికి ఇరువైపులా ఉన్న కొండసీమలో ఆది గిరిజనులు నివసిస్తున్నారు. అరుణాచల్ ప్రదేశ్‌లోని ఈ ప్రాంతానికి పాసీఘాట్ ముఖ్య పట్టణం. పేము, వెదుళ్ళతో ఆదులు నదులపై కట్టిన వేలాడే వంతెనలు ఇంజనీర్లను చాలాకాలంగా ఆకర్షిస్తున్నాయి. ఆ ఇళ్ళలో ఆడవారు నేసే మగ్గాన్ని మాత్రం మనవారు అంతగా పట్టించుకోలేదు. వంతెనలోని ప్రతిభ మగ్గంలోనూ ఉన్నదని నా అభిప్రాయం.

మంగళగిరి, పోచంపల్లి గుంట మగ్గాలు చూసినవారికి ఇది మగ్గంలా కనిపించదు. దీనికి చట్రం లేదు, కాలితో తొక్కే పలకలు లేవు. కొన్ని వెదురు, కర్ర ముక్కలు, ఒక నడుము పట్టీ, అంతే. పడుగును రెండు కర్రల చుట్టూ వలయంగా తిప్పి, దూరపు కర్రను ఇంటి గోడకో స్తంభానికో కడతారు. దగ్గరి కర్రను పట్టీతో తన నడుముకు తగిలించుకొని, నేతగత్తె కాళ్ళు చాపి నేలమీద కూర్చుంటుంది. మగ్గానికి చట్రం ఆమె శరీరమే.

అసలు నేర్పు పడుగు బిగువులో ఉన్నది. ఆమె వెనక్కి వాలితే దారాలు బిగుస్తాయి, ముందుకు వంగితే సడలుతాయి. దారపు ఉచ్చులున్న కర్రను పైకెత్తి పడుగులో సందు చేయాలంటే దారాలు కొంత వదులుగా ఉండాలి. పేక దారాన్ని చెక్క కత్తితో గట్టిగా కొట్టి దగ్గరకు చేర్చాలంటే బిగువు కావాలి. పేక పేకకూ ఈ రెండు స్థితులూ మారాలి. యంత్రమగ్గంలో బిగువును సరిచేయడానికి విడి అమరికలు అవసరం. ఇక్కడ ఆ పనిని నడుము చేస్తుంది, ఎంత బిగువో చేతివేళ్ళు చెబుతాయి. ఇటువంటి మగ్గాన్ని ‘ఆదిమ’ అని కొట్టిపారేయడం సాంకేతికంగా కూడా సరికాదు.

నకాషీకి జాకార్డు అట్టలు గాని, గళ్ళ కాగితం గాని ఉండవు. ఎన్ని దారాలు విడిచి రంగు నూలు దూర్చాలో లెక్క అంతా మనసులోనే. తల్లి పక్కన కూర్చొని కూతురు ఆ లెక్క నేర్చుకుంటుంది. స్త్రీలు నడుముకు చుట్టుకొనే ‘గాలే’, పురుషులు తొడుక్కొనే ‘గాలుక్’ ఇలా తయారవుతాయి. నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించినది ‘గాదు’ అనే మందపాటి దుప్పటి. నేస్తూనే పత్తి కుచ్చులను వరుసలుగా ఇమిడిస్తారు. ఆ కుచ్చుల మధ్య చిక్కిన గాలి వేడిని బయటకు పోనివ్వదు. మనం ఆవిరి గొట్టాలకు చుట్టే ఉష్ణరోధకపు పొరలో ఉన్నదీ ఈ సూత్రమే.

మనవైపు నేత పద్మశాలి, దేవాంగ మొదలైన కులాల వృత్తి. ఆదులలో నేతకు వేరే కులం లేదు. ఇది ఇంటి ఆడవారి విద్య. పూర్వం పోడు పొలంలో పండిన పత్తిని ఇంట్లోనే వడికి, మొక్కల రంగులు అద్దేవారు. తరువాత బజారు నూలు వచ్చింది, దాని వెంట ఆక్రిలిక్ వచ్చింది. వడికే శ్రమ తప్పింది, మెరిసే రంగులు దొరికాయి. ఆ సౌకర్యాన్ని వారు ఎన్నుకోవడంలో తప్పేమీ లేదు. కాని నూలు ఇప్పుడు కొనుక్కోవలసిన సరుకు. ఒకప్పుడు వారి బట్టకు బజారు ధరతో సంబంధమే ఉండేది కాదు.

అసలు చిక్కు కాలం విలువ దగ్గర వస్తున్నది. పొలం పని, వంట ముగిశాక మిగిలిన గంటలలో నేసిన గాలే, మరలపై అవే గీతలతో వచ్చిన చవక గుడ్డ పక్కన అంగడిలో నిలబడాలి. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత కార్మికులు 35 లక్షలకు పైగా ఉన్నారు. వారిలో 70 శాతానికి మించి స్త్రీలే. ఇంటి మగ్గంపై గడిపిన గంటలకు కూలి కట్టే పద్ధతి మాత్రం మనకింకా అలవాటు కాలేదు. చట్రపు మగ్గం ఇస్తే ఉత్పత్తి పెరుగుతుందని అంటారు. పెరుగుతుంది, నిజమే. కాని దానికి స్థలం కావాలి, పెట్టుబడి కావాలి. చుట్టి మూలన పెట్టుకొని, తీరిక దొరికినప్పుడు విప్పుకొనే సౌలభ్యం పోతుంది. పగలంతా పొలంలో ఉండే స్త్రీకి ఆ సౌలభ్యమే ముఖ్యం.

ఉద్యోగరీత్యా పాసీఘాట్ వైపు వెళ్ళే సహోద్యోగులకు ఒక చిన్న సూచన. నడుము మగ్గంపై బట్ట వెడల్పు చేతులు అందినంత మేరకే వస్తుంది. అందుచేత గాలేను సాధారణంగా రెండు పన్నాలు కలిపి కుడతారు. కొనేముందు బట్టను వెలుతురులో పరిచి, మధ్యలో ఆ కుట్టు ఉన్నదేమో చూడండి. కుట్టుకు ఇటూ అటూ గీతలు వెంట్రుకవాసి తప్పి ఉంటే బేరమాడకండి.