జబ్బు మళ్లీ తిరగబెడితే మందుల జత ఎలా కుదురుస్తారు?

పీర్జాదిగూడ నుంచి ఉప్పల్ దాటి తార్నాక వైపు పోతుంటే సీసీఎంబీ, ఐఐసీటీ తగులుతాయి కదా బిడ్డా. ఒకచోట కణాల మీద, ఇంకోచోట రసాయనాల మీద పరిశోధన. నువ్వడిగిన ఏఎల్ అమిలాయిడోసిస్ సంగతి తెలియాలంటే ఆ రెండూ కావాలి.

ఎముక మూలుగలో ప్లాస్మా కణాలుంటాయి. యాంటీబాడీలు చేయడం వాటి పని. వాటిలో ఒకటి చెడి, తనలాంటివాటినే పెంచుకుంటూ పోతే, యాంటీబాడీలోని లైట్ చైన్లు రక్తంలో మితిమీరిపోతాయి. మడత సరిగ్గా పడని ఆ ముక్కలు పోగులుగా అల్లుకుని గుండెలో, కిడ్నీల్లో, నరాల్లో పేరుకుంటాయి. మూత్రంలో నురగ, కాళ్ల వాపు, ఆయాసం కనబడితే చాలామంది వయసు మీదో షుగర్ మీదో నెట్టేస్తారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆ ఆలస్యమే.

మిద్దె మీద ట్యాంకు పొంగుతుంటే ముందు మోటరు ఆపుతాం కదా, ఇక్కడ మందులు చేసేదీ అదే: కొత్త లైట్ చైన్లు రాకుండా కట్టడి చేస్తాయి. పేరుకున్నదాన్ని ఒళ్లే మెల్లగా కరిగించుకోవాలి.

బోర్టెజొమిబ్, సైక్లోఫాస్ఫమైడ్, డెక్సామెథసోన్‌లకు డారాటుముమాబ్ కలిపి ఇచ్చే వైద్యానికి 2021 జనవరిలో అమెరికా అనుమతి వచ్చింది. ఈ జబ్బుకంటూ అక్కడ అనుమతి పొందిన మొదటి వైద్యం అదే.

మరి వైద్యం అయ్యాక జబ్బు తిరగబెడితే? అప్పుడు పాత ఫైలే డాక్టరుకు దారి. ఏ మందు ఎన్నాళ్లు పనిచేసింది, దేనికి ఒళ్లు తట్టుకోలేదు అని చూస్తారు. బోర్టెజొమిబ్‌తో పాదాలు తిమ్మిరెక్కినవాళ్లకు డెక్సామెథసోన్‌తో లెనలిడొమైడ్‌నో పొమాలిడొమైడ్‌నో జతచేయొచ్చు. ప్లాస్మా కణాల క్యాన్సరైన మైలోమాలో లెనలిడొమైడ్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. ఇక్కడ గుండె, కిడ్నీలు అంత ఓర్చవు, 15 లేదా అంతకంటే తక్కువే. కణాల్లో 11, 14 క్రోమోజోముల ముక్కలు తారుమారైతే వెనెటోక్లాక్స్ కూడా ఆలోచిస్తారు. ఈ జబ్బువాళ్లలో దాదాపు సగంమందికి ఆ మార్పుంటుంది.

లెనలిడొమైడ్ థాలిడొమైడ్‌కు చుట్టం. 1957లో జర్మనీలో అమ్మకానికొచ్చిన థాలిడొమైడ్ తల్లి కడుపులోనే వేలమంది పసిబిడ్డల కాళ్లుచేతుల ఎదుగుదలను దెబ్బతీసింది; 1961లో వెనక్కి తీసుకున్నారు. అందుకే ఈ మందులు వాడేటప్పుడు గర్భం రాకూడదని అంత గట్టిగా చెబుతారు. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో తయారుచేసిన లెనలిడొమైడ్ 2022 మార్చిలో అమెరికా మార్కెట్లోకి కూడా వెళ్లింది.

మందు పట్టిందా లేదా అన్నది ముందు ఫ్రీ లైట్ చైన్ రక్తపరీక్షలోనే తెలుస్తుంది. గుండె, కిడ్నీలు తేరుకోవడానికి ఇంకా నెలలు పడుతుంది. ఆ మధ్యలో వాపు తగ్గలేదని మందు మానేయొద్దని ఇంట్లోవాళ్లే చెబుతుండాలి బిడ్డా.